ఇంజన్ ఆయిల్ డబ్బా మీద మా భాషలో రాయించండి

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

ఆయిల్ సంగతి కదా, పెట్రోలియం మంత్రికి రాయక మీకెందుకు రాస్తున్నానని అనుకోవచ్చు. ప్యాకెట్ సరుకు మీద ఏమేం అచ్చు వెయ్యాలో, ఏ భాషలో వెయ్యాలో చెప్పే నిబంధనలు మీ శాఖవి. సరుకు నాణ్యతకు ప్రమాణాలు రాసే బీఐఎస్ కూడా మీ శాఖ కిందే ఉంది. నేను అడిగేది ఈ రెండింటితోనే తీరే పని. ఇంజన్ ఆయిల్ డబ్బా మీద ఆ ఆయిల్ ఏ బండికి పనికొస్తుందో, ఏ బండిలో పోయకూడదో, ఇంజన్‌లో మడ్డి పేరుకోకుండా చూసే సరంజామా అందులో ఎంత ఉందో ఆ రాష్ట్రపు భాషలో, చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో రాయించండి.

నేను కందెన నూనెల రసాయనం చదువుకుని, వాడేసిన ఇంజన్ ఆయిళ్లు పరీక్షించే ల్యాబ్‌లో చాలాకాలం పనిచేశాను. లారీలు, బస్సులు, జనరేటర్లు, ట్రాక్టర్ల నుంచి తీసిన నల్లటి శాంపిల్ సీసాలు మా బల్ల మీద వరసగా ఉండేవి. ఏ ఇంజన్ ఎందుకు పోయిందో ఆ సీసాలే చెప్పేవి. అవి చెప్పిన కారణాల్లో ఎక్కువ భాగం బండి నడిపేవాడికి ముందుగా తెలిసే వీలున్నవే. అతనికి చెప్పినవాళ్లు లేరు.

ఆ మధ్య విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో సరుకు బండి ఇంజన్ దింపి ఉంటే చూశాను. ట్యాపెట్ కవర్ తీసి బోర్లా పెట్టారు. దాని లోపలి వైపు నల్లటి మడ్డి పొర. వేలు పెట్టి గీస్తే గోరు మొత్తం దిగింది, ఇనుము ఇంకా కనపడలేదు. అడుగున ఆయిల్ పీల్చుకునే గొట్టం మూతికి ఉండే స్ట్రెయినర్ జాలీలో ముప్పాతిక కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. ఆయిల్ పైకి అందక ముందు క్యామ్ షాఫ్టు గీతలు పడి, తర్వాత బేరింగులు పట్టేశాయి. "టైముకే మార్చాడమ్మా, పాపం. నెల తప్పలేదు. ఏ ఆయిల్ పోశాడన్నదే చూసుకోలేదు," అన్నాడు మేస్త్రీ. పక్కనే నిలబడ్డ బండి ఓనరు, "డీజిల్ బండికి డీజిల్ ఆయిలే పోశాను కదన్నా," అన్నాడు. అతను అన్నదీ నిజమే. డబ్బా మీద లారీ బొమ్మ ఉంది. ఆ బొమ్మ కింద ఉన్న రెండక్షరాలూ ఒక అంకే అసలు విషయం చెబుతాయి. అవి ఏమిటో అతనికి తెలియదు.

ఆయిల్ పాడవడమంటే పలచబడిపోవడం అనుకుంటారు చాలామంది. దానికంటే పెద్ద నష్టం నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మరో పదార్థంగా మారిపోవడం. పండక్కి గారెలు వండిన మూకుడు అంచు చూడండి. నూనె పలచగా పాకి కాగినచోట గోధుమరంగు జిగురు పట్టి ఉంటుంది, ఎంత తోమినా ఊడదు. నడిమధ్య ఉన్న నూనె మాత్రం ఇంకా నూనెలాగే ఉంటుంది. పిస్టన్ చుట్టూ జరిగేది దాదాపు ఇదే. వేడికి నూనె అణువు నుంచి ఒక హైడ్రోజన్ ఊడుతుంది. మిగిలిన ముక్క ఆక్సిజన్‌ను పట్టుకుని పక్క అణువు మీద పడుతుంది, అది చెడి ఇంకోదాన్ని చెడగొడుతుంది. ఈ గొలుసులో ఆల్డిహైడ్లు, కీటోన్లు, ఆమ్లాలు పుడతాయి. అవి ఒకదానికొకటి అతుక్కుంటూ పెరిగి, నూనెలో కరగలేనంత పెద్దవయ్యాక విడిపోయి వేడి లోహం మీద కూర్చుంటాయి. మొదట లేత పసుపు, తర్వాత గోధుమ, చివరికి నల్లటి గట్టి పెచ్చు.

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ మార్పు వేగం సుమారు రెట్టింపవుతుందని రసాయనంలో ఒక మోటు లెక్క ఉంది. ఇంజన్ అడుగున నిలవుండే ఆయిల్ 100 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. పిస్టన్ పై రింగు కూర్చునే గాడి దగ్గర 250 డిగ్రీలు దాటవచ్చు. మోటు లెక్కనే వేసుకున్నా, ఆ గాడిలో ఉన్న పలచటి ఆయిల్ పొర అడుగున ఉన్న ఆయిల్ కంటే వేల రెట్లు వేగంగా చెడుతుందన్నమాట. ఇంజన్‌లో అరిగి ఆయిల్లో కలిసే ఇనుము, రాగి రేణువులు ఈ పనిని ఇంకా తొందరపెడతాయి.

రింగు తన గాడిలో స్వేచ్ఛగా కదలాలి. అప్పుడే సిలిండర్ గోడకు ఒత్తుకుని కాలిన వాయువును పైనే ఆపుతుంది. గాడిలో పెచ్చు పేరుకుంటే రింగు పట్టేస్తుంది. కంప్రెషన్ పడిపోతుంది. ఆయిల్ పైకి పాకి కాలుతుంది, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంది, బండి ఆయిల్ తాగుతోందని అంటారు. పై నుంచి కాలిన వాయువు కిందికి దిగుతుంది. ఆ వాయువులో ఉన్న మసి, ఆమ్లాలు, సగం కాలిన ఇంధనం ఆయిల్లో కలిసి ఇంకా మడ్డిని పుట్టిస్తాయి. మడ్డి వల్ల రింగు పట్టింది, రింగు పట్టినందువల్ల మడ్డి పెరిగింది. ఇది ఒకసారి మొదలైతే ఆగేది బోరింగ్ షాపులోనే.

వేడి వల్ల పుట్టే మడ్డి ఒకటైతే, ఇంజన్ సరిగా వేడెక్కకపోవడం వల్ల పుట్టేది ఇంకొకటి. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దాదాపు అంతా సైలెన్సర్ దారిన పోతుంది. కొంచెం మాత్రం రింగుల సందుల్లోంచి కిందికి దిగుతుంది. బండి గంటసేపు హైవే మీద పోతే ఆ నీరు మళ్లీ ఆవిరై బయటికి పోతుంది. పిల్లల్ని బడి దగ్గర దించి వచ్చే కారుకి, వీధి చివర కిరాణా కొట్టుదాకా వెళ్లొచ్చే స్కూటరుకి ఆ అవకాశం రాదు. నీరు చల్లటి ట్యాపెట్ కవర్ లోపల చెమర్చి, ఆయిల్‌తో, నైట్రోజన్ ఆక్సైడ్లతో, కాలని పెట్రోలుతో కలిసి గుజ్జుగా మారుతుంది. అందుకే "నా బండి ఎక్కువ తిరగదు, ఆయిల్ మార్చక్కర్లేదు" అనుకునేవాళ్ల ఇంజన్లలో మడ్డి ఎక్కువ చూశాను. కిలోమీటర్లు తక్కువైనా ఏడాదికి ఒకసారైనా మార్చమని బండి పుస్తకంలో రాసేది ఇందుకే. ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కి నీటితో పొత్తు ఎక్కువ. చల్లటి ఇంజన్‌లో నీళ్లూ ఇథనాలూ కలిసిన ఆయిల్ తొందరగా తరకలు కట్టకుండా ఉండాలంటే అందులో తగిన అడిటివ్‌లు, అంటే నూనెలో కలిపే రసాయనాలు, ఉండాలి. ఈ మాట పెట్రోలు బంకులో ఎవరూ చెప్పడం లేదు.

గ్యాసు ఆటోల సంగతి వేరు. విజయవాడలోనూ హైదరాబాదులోనూ సీఎన్‌జీ, ఎల్‌పీజీ మీద తిరిగే ఆటోల ఆయిల్ చాలారోజులు ఎర్రగానే కనిపిస్తుంది. గ్యాసు శుభ్రంగా కాలుతుంది, మసి రాదు. ఆయిల్ శుభ్రంగా ఉంది కదా, ఇంకా కొన్నాళ్లు నడపొచ్చని డ్రైవరు అనుకుంటాడు. ఆ ఇంజన్‌లో వేడి మాత్రం తక్కువ కాదు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆయిల్‌ని లోలోపలే చిక్కబరుస్తాయి. కంటికి బాగున్న ఆయిల్ పిస్టన్ మీద వార్నిష్ పూస్తూ ఉంటుంది.

టర్బో ఉన్న లారీల గురించి ఒక్క మాట. ఘాట్ ఎక్కి వచ్చిన బండిని ఆపీ ఆపగానే తాళం తిప్పేస్తే ఆయిల్ పంపు ఆగిపోతుంది. అప్పటిదాకా ఎర్రగా కాలుతున్న టర్బో ఇరుసు దగ్గర నిలిచిపోయిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపితే ఆ బొగ్గు పట్టదు. అనుభవమున్న డ్రైవర్లకి ఇది చెప్పాల్సిన పనిలేదు, కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లకి చెప్పాలి.

ఇక ఈ మడ్డిని ఆపేది ఏమిటో చెబుతాను, మంత్రిగారూ. నా విన్నపానికి అదే మూలం.

1930లకు ముందు ఇంజన్ ఆయిల్ అంటే ముడి చమురు నుంచి శుద్ధి చేసి తీసిన నూనె, దాదాపు అంతే. 1931లో అమెరికాలో క్యాటర్‌పిల్లర్ కంపెనీ డీజిల్ ట్రాక్టరు తెచ్చింది. మంచి నూనెలు పోసినా ఆ ఇంజన్లలో రింగులు పట్టేసేవి. ఎంత శుద్ధి చేసినా నూనె ఒక్కటే ఆ వేడికీ మసికీ నిలబడలేదని తేలింది. ఆ కంపెనీ, కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ వాళ్లు కలిసి నూనెలో కరిగే లోహ సమ్మేళనాలు కలిపి చూశారు. మొదట పనికొచ్చిన వాటిలో ఒకటి అల్యూమినియం నాఫ్తనేట్. 1930ల నడుమ 'డెలో' పేరుతో ఆ ఆయిల్ అమ్మకానికి వచ్చింది. పిస్టన్లు శుభ్రంగా ఉన్నాయి. అయితే ఆ తొలి రకాలు రాగి, సీసం కలిసిన బేరింగులను తినేయడం మొదలుపెట్టాయి. మళ్లీ వెతుకులాట. కాల్షియం సమ్మేళనాలు వచ్చాయి. 1940లలో జింకు, భాస్వరం, గంధకం కలిసిన జెడ్‌డీడీపీ వచ్చింది. దాన్ని మొదట తెచ్చింది నూనె ఆక్సీకరణను, బేరింగుల తుప్పును ఆపడానికి. లోహం మీద పలచటి రక్షణ పొర కట్టి అరుగుదలను తగ్గిస్తుందని తర్వాత బయటపడింది. నేటికీ చాలా ఇంజన్ ఆయిళ్లలో అది ఉంది.

ఇవాళ్టి మంచి ఆయిల్‌లో నూటికి ఎనభై తొంభై పాళ్లు బేస్ ఆయిల్ అనే మూల నూనె, మిగిలింది అడిటివ్‌లు. ఆ మిగిలిన కాస్తే మడ్డితో పోరాడేది. అందులో ఒక్కొక్కటి ఒక్కో పని చేస్తుంది. యాంటీఆక్సిడెంట్లు ఇందాక చెప్పిన గొలుసును మధ్యలో తెంపుతాయి, తెంపుతూ తామే ఖర్చయిపోతాయి. డిటర్జెంట్లు పిస్టన్‌లాంటి వేడి భాగాల మీద పెచ్చు కట్టకుండా చూస్తాయి. వాటి మధ్యలో అతి సన్నటి కాల్షియం కార్బొనేట్ రేణువులు ఉంటాయి, సున్నపురాయి అదే పదార్థం. ఇంధనంలోని గంధకం కాలి పుట్టిన ఆమ్లాన్ని అవి విరిచేస్తాయి. ఆ విరిచే శక్తిని టీబీఎన్ అనే అంకెతో కొలుస్తారు. కొత్త డీజిల్ ఆయిల్‌లో అది 10 చుట్టుపక్కల ఉంటుంది. వాడేకొద్దీ తగ్గుతుంది. సగానికి దిగితే ఆయిల్ దించే సమయం వచ్చిందని మా ల్యాబ్‌లో రాసిచ్చేవాళ్లం.

వీటన్నిటిలోకీ నాకు ఎక్కువ అబ్బురంగా తోచేవి డిస్పర్సెంట్లు. 1950లలో అమెరికా నగరాల్లో ఆగి ఆగి నడిచే కార్లలో చల్లటి మడ్డి పెద్ద సమస్య అయింది. లోహపు డిటర్జెంట్లు దానికి చాలలేదు. అప్పుడు లోహం లేని, కాలితే బూడిద మిగలని కొత్త అణువులు తయారుచేశారు. వాటికి ఒక కొస పొడుగాటి పాలీఐసోబ్యుటిలీన్ గొలుసు, అది నూనెను విడవదు. రెండో కొసన నైట్రోజన్ ఉంటుంది, అది మసి రేణువునో మడ్డి తునకనో పట్టుకుంటుంది. ఒక్కో రేణువు చుట్టూ ఇలాంటి అణువులు ముసురుకుని పక్క రేణువును దగ్గరికి రానివ్వవు. డీజిల్ మసిలో తొలి రేణువులు మిల్లీమీటరులో లక్షో వంతు మొదలుకొని కొన్ని లక్షో వంతుల దాకా ఉంటాయి. ఆయిల్ ఫిల్టరు కళ్లు వాటికంటే వందల రెట్లు పెద్దవి. అంటే ఫిల్టరు మసిని ఆపలేదు. విడివిడిగా తేలుతున్నంతకాలం అవి ఇంజన్‌కి పెద్దగా హాని చెయ్యవు, ఆయిల్ మార్చినప్పుడు దాంతోపాటే బయటికి పోతాయి. డిస్పర్సెంట్ అయిపోయిన రోజు అవన్నీ గుంపులు కట్టి ఆయిల్‌ను చిక్కబరుస్తాయి, లోహాన్ని గీకుతాయి, మూలమూలల్లో దిగబడతాయి.

అందుకే, నల్లబడిన ఆయిల్ చూసి మోసపోయామనుకోవద్దని ప్రతి డ్రైవరుకీ చెప్పాలనిపిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ ఒకటి రెండు రోజుల్లోనే నల్లబడుతుంది. మసిని పట్టి తనలో ఉంచుకుంటోందన్నమాట. ఎన్నాళ్లయినా ఎర్రగా ఉన్న ఆయిల్ డీజిల్ బండిలో కనపడితే, ఆ మసి ఎక్కడ పేరుకుంటోందని అనుమానించాలి. పరీక్ష కూడా కష్టం కాదు. వేడి ఇంజన్‌లోంచి డిప్‌స్టిక్ తీసి ఒక బొట్టు ఫిల్టర్ కాగితం మీద వేసి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. మచ్చ మధ్య నుంచి అంచుదాకా ఒకే బూడిదరంగులో వెడల్పుగా పాకితే డిస్పర్సెంట్ ఇంకా పనిచేస్తోంది. నడుమ చిక్కటి నల్ల చుక్క, దాని చుట్టూ గట్టి అంచు, ఆపైన పసుపు నూనె మరక మిగిలితే దాని పని అయిపోయింది. నేను చూపించినచోటల్లా మేస్త్రీలు ఈ పరీక్షను వెంటనే పట్టుకున్నారు. ఒక కుర్రాడు తన షెడ్డు గోడకి అలాంటి కాగితాలు వరసగా అంటించి, కింద బండి నంబరూ తేదీ రాసిపెడుతున్నాడు.

అడిటివ్‌ల ఖర్చు నెమ్మదిగా, సమానంగా సాగదు. యాంటీఆక్సిడెంట్ ఉన్నంతసేపూ ఆయిల్ చిక్కదనం పెద్దగా మారదు. అది అయిపోయాక తక్కువ కాలంలోనే పరిస్థితి చెయ్యిదాటుతుంది. తగ్గినప్పుడల్లా పైన కాస్త పోసుకుంటూ, ఎప్పటికీ కింద నట్టు విప్పనివాళ్లకి ఇదే ఎదురవుతుంది. పైన పోసిన లీటరుతో కొంత కొత్త అడిటివ్ వచ్చిన మాట నిజమే, లోపలున్న మసీ ఆమ్లమూ మాత్రం ఎక్కడికీ పోలేదు. మడ్డితో నిండిన పాత ఇంజన్‌లో ఒక్కసారిగా ఫ్లషింగ్ మందు పోయడం కూడా ప్రమాదమే. ఊడిన పెచ్చులు వెళ్లి స్ట్రెయినర్‌కి అడ్డం పడతాయి. మంచి ఆయిల్ పోసి, తక్కువ కిలోమీటర్లకే మార్చుతూ రెండు మూడు విడతల్లో మెల్లగా కడగడమే మేలు. అలాగే కొట్లో విడిగా అమ్మే అడిటివ్ సీసాలు కలపొద్దనే నా సలహా. జెడ్‌డీడీపీ, డిటర్జెంట్లు అన్నీ ఒకే లోహపు ఉపరితలం కోసం పోటీపడతాయి. ఆయిల్ తయారుచేసినవాళ్లు వాటి పాళ్లను ఇంజన్లలో నడిపి చూసి కుదురుస్తారు. ఒకటి పెంచితే ఇంకొకటి తన పని చెయ్యలేకపోతుంది.

ఆ కుదర్చడం ఎంత శ్రమతో కూడిందో చెప్పడానికి ఒక పరీక్ష చాలు. పెట్రోలు ఇంజన్ ఆయిళ్ల కోసం అమెరికాలో రూపొందించిన సీక్వెన్స్ వీజీ పరీక్షలో ఫోర్డ్ 4.6 లీటర్ల వీ-8 ఇంజన్‌ను 216 గంటలు నడిపేవారు. ఒకేలా నడిపేవారు కాదు. నగరంలో బండి ఆగుతూ కదులుతూ ఉన్నట్టు, నాలుగేసి గంటల విడతల్లో చల్లగా, వేడిగా మార్చి మార్చి నడిపేవారు. తర్వాత ఇంజన్ విప్పి, శిక్షణ పొందిన మనుషులు ఒక్కో భాగాన్ని వెలుతురులో చూసి మడ్డికి మార్కులు వేసేవారు, 10 అంటే కొత్త ఇనుములా శుభ్రం. డబ్బా మీద కనిపించే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అక్షరాల వెనక ఉన్నది ఇలాంటి శ్రమే. పెట్రోలు బండ్ల ఆయిల్‌కి ఎస్‌తో, డీజిల్‌వాటికి సీతో మొదలయ్యే ఆ అక్షరాల్లో రెండోది ముందుకు పోయేకొద్దీ పరీక్ష కఠినం అయిందని అర్థం.

మరి ఆ అక్షరాలు కొనేవాడికి ఏం చెబుతున్నాయి? ఎస్‌ఏ అంటే అడిటివ్‌లు లేని నూనె, 1930 తర్వాత తయారైన చాలా పెట్రోలు ఇంజన్లకు పనికిరాదని ఏపీఐ స్వయంగా చెబుతుంది. ఎస్‌ఎఫ్ 1988 తర్వాతి ఇంజన్లకు తగదని అదే పట్టికలో ఉంది. డీజిల్‌లో సీఎఫ్-4 కాలం చెల్లినవాటి వరసలో చేరి చాలా ఏళ్లయింది. మన కొట్లలో అది ఇంకా దొరుకుతుంది, ధర తక్కువ కాబట్టి అమ్ముడుపోతుంది. పాత ట్రాక్టరుకో, పొలంలో నీళ్లు తోడే పాత డీజిల్ ఇంజన్‌కో అది చాలవచ్చు. అమ్మొద్దని నేను అనను. ఏ కాలపు ఇంజన్ కోసం చేసిందో తెలుగులో రాసి అమ్మమంటాను.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు వచ్చాక ఇది ఇంకా ముఖ్యమైంది. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. ఆమ్లం తక్కువ పుడుతుంది కాబట్టి దాన్ని విరిచే కాల్షియం భారం కూడా తగ్గించుకోవచ్చు. తగ్గించుకోవాలి కూడా. ఎందుకంటే కొత్త డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు, డీపీఎఫ్, ఉంటుంది. అందులో పట్టిన మసిని బండి ఎప్పటికప్పుడు కాల్చుకుంటుంది. కాల్షియం, జింకు లాంటి లోహాలున్న అడిటివ్‌లు కాలితే మిగిలే బూడిద మాత్రం కాలదు, ఆ ఫిల్టరులోనే ఉండిపోతుంది. భాస్వరం క్యాటలిస్టును పాడుచేస్తుంది. అందుకే 2016 డిసెంబరులో వచ్చిన సీకే-4లో సల్ఫేటెడ్ బూడిద 1 శాతం మించకూడదని హద్దు పెట్టారు. ఒకప్పుడు పిస్టన్‌ను కాపాడిన అదే లోహం ఇవాళ డీపీఎఫ్‌ని మూసేస్తుంది. పాత లారీకి బాగా పనిచేసిన ఆయిల్‌ను నమ్మకంతో కొత్త బండిలో పోసుకునే డ్రైవరుది తప్పని ఎలా అంటాం? అతని అనుభవమే అతన్ని అటు నడిపింది. డబ్బా మీద 'డీపీఎఫ్ ఉన్న బీఎస్-6 డీజిల్ బండిలో పోయవద్దు' అన్న ఒక్క వాక్యం తెలుగులో ఉంటే ఆగేవాడు.

మోటార్ సైకిళ్లకీ అంతే. చాలా బైకుల్లో క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. కార్లకు చేసిన కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే అడిటివ్‌లు ఉంటాయి, వాటితో క్లచ్ జారుతుంది. అలాంటి బైకుకి జపాన్ వాళ్ల జాసో ప్రమాణంలో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న ఆయిల్ కావాలి. గేర్లు లేని స్కూటర్లలో చాలావాటికి ఎంబీ. ఒక్క అక్షరం తేడా, దాని అర్థం మాత్రం చాలా డబ్బాల మీద ఉండదు.

ఇక మీ నిబంధనల దగ్గరికి వస్తాను. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం డబ్బా మీది వివరాలు హిందీలోనో ఇంగ్లిషులోనో ఉండాలి. వాటికి తోడు వేరే భాష వాడుకోవడానికి అడ్డులేదు. అడ్డులేదన్నంత మాత్రాన అందరూ వాడడం లేదు. ఇంజన్ ఆయిల్ వరకైనా దాన్ని తప్పనిసరి చేయండి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అమ్మే డబ్బా మీద తెలుగు, తమిళనాడులో తమిళం, ఒడిశాలో ఒడియా. ఏ ఇంధనపు బండికి, ఏ కాలపు బండికి, దేనిలో పోయకూడదు అన్నది వాక్యాల్లో ఉండాలి. టీబీఎన్, బూడిద శాతం అంకెల్లో ఉండాలి. ఇవి కంపెనీల రహస్యాలేమీ కావు. ఫ్యాక్టరీలకూ పెద్ద రవాణా సంస్థలకూ ఇచ్చే సాంకేతిక పత్రాల్లో చాలా కంపెనీలు వీటిని ఇప్పుడే రాస్తున్నాయి. పది వేల లీటర్లు కొనేవాడికి చెప్పేది, లీటరు కొనేవాడికీ చెప్పమని అడుగుతున్నాను. క్యూఆర్ కోడ్ పెట్టి ఊరుకుంటామంటే ఒప్పుకోకండి. షెడ్డులో ఆయిల్ చేతులతో ఎవరూ ఫోను తీసి కోడ్ చూపించరు. అచ్చు ముందు ఉండాలి, కోడ్ దానికి అదనం కావచ్చు.

బీఐఎస్ దగ్గర ఇంజన్ ఆయిళ్లకు ఐఎస్ 13656 అనే ప్రమాణం ఉంది. ప్రమాణం కాగితం మీద ఉంటే సరిపోదు, కొట్లో ఉన్న డబ్బా దానికి నిలబడుతోందో లేదో జనానికి తెలియాలి. వాడేసిన ఆయిల్‌ను వడగట్టి, రంగు వేసి, పేరున్న కంపెనీ పాత డబ్బాల్లో నింపి అమ్మే పని సాగుతూనే ఉంది. ఖాళీ డబ్బాకి చిల్లు పొడిచి పారెయ్యమని మంచి మేస్త్రీలు చెప్పేది అందుకే. పద్ధతిగా మళ్లీ శుద్ధి చేసిన బేస్ ఆయిల్ మీద నాకు ఫిర్యాదు లేదు. సరైన అడిటివ్‌లు కలిపితే అది కొత్త నూనెతో సమానంగా పనిచేస్తుంది, వాడిన ఆయిల్ కాలవల్లోకి పోకుండానూ ఉంటుంది. దొంగ డబ్బాలో లేనివి ఆ అడిటివ్‌లే. చూడ్డానికి అదే బంగారు రంగు, చేతికి అదే జారుడు. కొన్నవాడికి తేడా తెలిసేసరికి రింగులు పట్టేసి ఉంటాయి.

దీన్ని పట్టుకోవడానికి ఇంజన్లు నడిపి చూడక్కర్లేదు. కాల్షియం, జింకు, భాస్వరం ఎంతున్నాయో ఐసీపీ యంత్రం నిమిషాల్లో చెబుతుంది. జింకు ఉందని చెప్పుకునే ఆయిల్‌లో జింకు లేకపోతే ఆ కాగితం ఒక్కటే చాలు. టీబీఎన్‌కి మామూలు టైట్రేషన్ సరిపోతుంది, డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో చేయగలిగిన పని. బీఐఎస్ మనుషులు జిల్లాల్లో తిరిగి, మామూలు కొనుగోలుదారుల్లాగే కొట్లలో డబ్బాలు కొని, ఈ రెండు పరీక్షలూ చేయించి, బ్రాండు పేరూ బ్యాచ్ నంబరూ సహా ఫలితాలను స్థానిక భాషలో బయటపెట్టాలి. పేరున్న కంపెనీలకు కూడా ఇది మేలే, తమ పేరుతో ఎవరు ఏం నింపుతున్నారో వాళ్లకూ తెలుస్తుంది.

ఈ అచ్చు వల్ల డబ్బా ధర పెరుగుతుందని ఎవరైనా మీతో అనవచ్చు. లేబుల్ ఎలాగూ అచ్చవుతోంది. అందులో సగం జాగా పులి, మంట, పరుగెత్తే చక్రం తీసుకుంటున్నాయి. ఆ జాగాలో నాలుగు వాక్యాలు పడతాయి. ఒక్క ఇంజన్ దింపడానికి అయ్యే ఖర్చు, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ పోయే కూలి, కట్టాల్సిన ఫైనాన్సు వాయిదా, ఇవన్నీ కలిపితే ఒక ఆటో కుటుంబానికి నెలల తరబడి తేరుకోలేని దెబ్బ. ఆ లెక్క పక్కన అచ్చు ఖర్చు గురించి మాట్లాడటం నాకు న్యాయంగా తోచదు.

ముసాయిదా రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోమని కోరుతున్నాను. అనువాదం ఢిల్లీలో చేయిస్తే షెడ్డులో ఎవరికీ తెలియని మాటలు డబ్బా మీదికి ఎక్కుతాయి. ఇక్కడి మేస్త్రీలూ డ్రైవర్లూ రోజూ అనే మాటలే ఉండాలి: మడ్డి, రింగులు పట్టడం, క్లచ్ జారడం, ఆయిల్ దించడం. విజయవాడ ఆటోనగర్‌లోనో, వరంగల్ వైపు లారీ యార్డుల్లోనో మీ అధికారులు ఒక పూట కూర్చుని, రాసిన వాక్యాలను చదివి వినిపించి, అర్థమైందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఆ పనికి మనిషి కావాలంటే నేను వస్తాను. డీజిల్ ఆయిల్, పెట్రోలు ఆయిల్, బైకు ఆయిల్, గ్యాసు ఆటో ఆయిల్, ఈ నాలుగింటికీ నమూనా లేబుళ్లు తెలుగులో రాసి సిద్ధంగా ఉంచాను. మీ కార్యాలయం అడిగిన రోజున పంపుతాను.

ఇట్లు,
కందెన నూనెల పరీక్షశాలలో పనిచేసిన ఒక రసాయన శాస్త్ర విద్యార్థిని